ముందు బండి

మా నాన్న పెద్ద ఫోను కొన్నాడని తెలిసిన రోజే నాకు అనుమానం పుట్టింది. ఫోను కొనడం నేరమేమీ కాదు. ఈ రోజుల్లో ఫోను లేనివాడెవడు? కానీ మా నాన్న కొనడం వేరు. అప్పటిదాకా ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. అది మోగితే ఎత్తి, అవతలివాళ్ళు చెప్పింది విని, పెట్టేసేవాడు. అంతకుమించి ఫోనుతో ఏ మనిషికీ పనుండదని ఆయన నమ్మకం.

మా బతుకుతెరువు సంగతి చెబితే గానీ నా అనుమానం మీకు అర్థం కాదు. మా ఊరి చివర తారురోడ్డు ఆగిపోతుంది. ఆ తర్వాత అంతా రాతినేల, ఎండిన వాగులు, ఇసుక, ఎటు చూసినా ఒకేలా కనిపించే గుట్టలు. వాటి అవతల నేల ఒక్కసారిగా విరిగి కిందికి దిగిపోయే పెద్ద లోయ ఉంది. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అక్కడికి రోడ్డు లేదు, బోర్డు లేదు. మేమే మా జీపుల్లో తీసుకెళ్ళి, చూపించి, క్షేమంగా వెనక్కి తెస్తాం. ముందు బండి నాన్నది, వెనక బండి నాది. బండ్ల మరమ్మతూ బేరాలూ అన్నయ్య చూసుకుంటాడు. అమ్మ వచ్చినవాళ్ళకి భోజనం కట్టిచ్చి, వాళ్ళు మర్చిపోయిన టోపీలూ కళ్ళజోళ్ళూ దాచిపెడుతుంది.

ఆ దారులన్నీ నాన్న కనిపెట్టినవే. ఊళ్ళో ఆయన్ని కంపాసు అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకడు. దారిని కాగితం మీద గియ్యకూడదు, గుర్తుకి రాయి మీద రాయి పెట్టకూడదు, బయటివాడి దగ్గర ఆ ఊసే ఎత్తకూడదు. ఇదీ మా ఇంటి చట్టం. వచ్చినవాళ్ళెవరైనా సరదాకి దారిపక్కన రాళ్ళు పేరిస్తే నాన్న బండి ఆపి, దిగి, కాలితో తన్ని, మళ్ళీ ఎక్కేవాడు. తారురోడ్డు దాటగానే అందరి ఫోన్లూ ఒక రేకు పెట్టెలో వేయించి మూతపెట్టేవాడు. "ఇక్కణ్ణుంచి చూడ్డానికి కళ్ళున్నాయి కదండీ" అనేవాడు. నేనూ అన్నయ్యా ఆయన పక్కసీట్లో కూర్చుని కూర్చునే దారులు నేర్చుకున్నాం. మాకు పొలం లేదు, కొట్టు లేదు. ఉన్న ఆస్తల్లా ఆ దారులే.

అలాంటి మనిషి ఫోను కొన్నాడు. కొన్న సంగతి మాకు చెప్పలేదు.

వానలు వెనకబట్టి నేల గట్టిపడుతున్న రోజులు. ఆ ఏటి సీజను అప్పుడే మొదలైంది. ఒక పొద్దున అన్నయ్య నన్ను షెడ్డులోకి పిలిచి, నాన్న జీపు తలుపు తెరిచి, స్టీరింగు పక్కన డాష్‌బోర్డు కింద తడిమి చూడమన్నాడు. బయటికి కనపడకుండా, ఫోను పెట్టుకునే క్లిప్పు బిగించి ఉంది.

"నువ్వు బిగించావా?" అన్నాను.

"నేను బిగిస్తే నిన్నెందుకు పిలుస్తాను? స్క్రూలు చూడు, ఎంత వంకరగా తిప్పాడో. నాన్న పనే ఇది."

"అడిగేస్తే పోలా?"

"అడిగితే చెప్పేవాడైతే అడక్కముందే చెప్పేవాడు. నోరు మూసుకుని నాల్రోజులు చూద్దాం."

మా ఇంట్లో అనుమానానికి ఎప్పుడూ కరువు లేదు. దారులు దాచుకుని బతికేవాళ్ళం కదా, వచ్చిన ప్రతివాణ్ణీ దొంగచూపు చూడటం చిన్నప్పట్నుంచే అలవాటు. పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూస్తే చాలు, టైర్లకంటిన మట్టి రంగు చూస్తున్నారేమో అనుకునేవాళ్ళం. ఆ చూపు నాన్న మీదికి తిప్పాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

దానికి తోడు ఆ ఏడే ఊళ్ళోకి ఎర్రబండ్లు దిగాయి. కొత్త కంపెనీ. జీపులన్నీ ఎర్రవి, డ్రైవర్ల చొక్కాలూ ఎర్రవే. దాని ఓనరు ఎవరు ఎదురైనా నవ్వుతూ పలకరించేవాడు. అందుకే నాకు మొదట్నుంచీ నచ్చలేదు. వాళ్ళకి తెలిసిన దారి దగ్గర్లో ఉన్న గుట్ట దాకానే. అక్కణ్ణుంచి చూస్తే లోయ ఒక గీతలా కనిపిస్తుందంతే. అసలు లోయ అంచుకి చేరాలంటే మా దారే కావాలి. ఊళ్ళో అడుగుపెట్టిన వారంలోనే ఆయన మా ఇంటికొచ్చి, ఇద్దరం కలిసి వ్యాపారం చేసుకుందామన్నాడు. నాన్న గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపేశాడు. మేం ఎంత మురిసిపోయామో.

క్లిప్పు బయటపడ్డాక ఆ మురిపెం నీరుగారిపోయింది.

బేరాలు లేని రోజుల్లో నాన్న ఖాళీ జీపేసుకుని ఒక్కడే వెళ్ళడం మొదలుపెట్టాడు. వెనక్కొచ్చేసరికి బండి నిండా దుమ్ము. ఎక్కడికని అడిగితే, "ఊరికే ఉంచితే ఇంజను పాడైపోతుంది" అనేవాడు. ఇంజను సంగతి పొద్దస్తమానం దానికింద పడుకునే అన్నయ్యకి తెలీదా? వాడు పళ్ళు కొరుక్కుని ఊరుకునేవాడు.

అమ్మని కదిపితే ఏమైనా తెలుస్తుందేమోనని వంటింట్లో కూర్చున్నాను. అమ్మ డబ్బాల్లో అన్నం సర్దుతోంది.

"నాన్న ఈ మధ్య వేరేగా ఉన్నాడు కదమ్మా?"

"వేరేగా అంటే?"

"ఫోను కొన్నాడు. ఒక్కడే వెళ్తున్నాడు. అడిగితే కసురుతున్నాడు."

అమ్మ గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఇంకెవరైనా దొరికారేమోనని నీ అనుమానమా? ఈ వయసులో, ఆ గురకతో, ఆ కోపంతో మీ నాన్న నిజంగా ఎవరికైనా దొరికితే నాకు వాళ్ళ మీద జాలేస్తుందే తల్లీ" అని నవ్వి, మళ్ళీ డబ్బాల పనిలో పడిపోయింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏదో తెలిసి నవ్వినట్టుంది.

ఆ ఫోను ఎక్కడ కొన్నాడో కనుక్కోవడం పెద్ద కష్టం కాలేదు. బజారు మలుపులో ఉన్న షాపులోనే. చార్జరు కొనే వంకతో వెళ్ళి, అక్కడ కూర్చునే అమ్మాయిని మాటల్లో పెట్టాను.

"మీ నాన్నగారా? ఎంత జాగ్రత్తపరులండీ బాబూ" అంది ఆ అమ్మాయి. "సిగ్నల్ లేనిచోట కూడా పనిచేసే మ్యాపు కావాలన్నారు, వేశాను. వెళ్ళిన దారంతా గీతలా గుర్తుపెట్టుకునే యాప్ ఒకటి వేశాను. తిరిగొచ్చేటప్పుడు ఆ గీత మీదే వచ్చెయ్యొచ్చు. వాన ఎక్కడ పడుతోందో చూపించేదొకటి. బండి ఎంత పక్కకి ఒరిగిందో చెప్పేది కూడా అడిగారు. అన్నీ నేర్పాను. అయినా వారానికోసారి వచ్చి, నేర్పిందే మళ్ళీ నేర్పించుకుంటారు. గీత ఎలా దాచాలి, దాచింది ఎలా తియ్యాలి, అదే."

"అదొక్కటేనా?"

"అదొక్కటేనండి. గుర్తులు పెట్టడం కూడా. మలుపు దగ్గర వేలితో నొక్కిపడితే జెండా పడుతుంది కదా, అది."

రాయి మీద రాయి పెడితే తన్నేసే మనిషి మలుపు మలుపుకీ జెండా పెడుతున్నాడట. దారి మొత్తం గీసి, మలుపులు గుర్తుపెట్టి, దాచింది బయటికి తియ్యడమెలాగో పదేపదే అడుగుతున్నాడట. ఇది ఇంకొకడి చేతిలో పెట్టడానికి కాకపోతే దేనికి? ఆ దారులు తన అరచేతిలో గీతల్లా తెలిసిన మనిషికి ఈ గీతలతో పనేంటి?

ఇంటికొచ్చి అన్నయ్యకి చెప్పాను. నాన్న స్నానానికెళ్ళినప్పుడు వాడు ఆ ఫోను తెచ్చి తెరిచాడు. తాళం కూడా వెయ్యలేదు. మ్యాపు నిండా నీలం గీతలు. ఒకే దారి, ఒకదాని మీద ఒకటి, ఎన్నిసార్లు వెళ్తే అన్ని గీతలు. కొన్నిచోట్ల గీత చుట్టూ చుట్టూ తిరిగి ముడిపడి ఉంది.

"ఇదేంటి, ఇక్కడిక్కడే తిరిగాడు?" అన్నాను.

"పక్కదారులు కూడా ఎక్కిస్తున్నాడు. కొనేవాడు వివరంగా అడిగుంటాడు" అన్నాడు అన్నయ్య. ఫోను ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టేసి వచ్చి, గుమ్మంలో కూలబడ్డాడు. "మనకి చెప్పి అమ్మినా బాధపడేవాణ్ణి కాదు చిన్నీ. ఈ దొంగతనమే తట్టుకోలేకపోతున్నా."

ఆ మాట నాకూ తగిలింది. ఆయన పక్కసీట్లోనే పెరిగినదాన్ని నేను. నన్ను నమ్మని మనిషి ఇంకెవర్ని నమ్మినట్టు?

సీజను సగానికొచ్చింది. ఒకరోజు రెండు బండ్ల నిండా జనంతో లోయకి బయల్దేరాం. దారిలో సిగ్నల్ తగిలే మిట్ట ఒకటుంది. అక్కడ నాన్న బండి ఆపి, నీళ్ళు తాగుతున్నట్టు తల వంచి కాసేపుండిపోయాడు. ఆయన చూస్తోంది సీసాని కాదని నాకు వెనక బండిలోంచే తెలుస్తోంది. ఆ తర్వాత పెద్ద వాగు దగ్గరికొచ్చాం. వాగంటే ఎండిపోయిన ఇసుక, రాళ్ళు. పైన ఆకాశం నీలంగా, తేటగా ఉంది. నాన్న దిగి, చేతులడ్డం పెట్టాడు.

"ఇప్పుడు దాటం. ఆగుదాం."

జనం గొణిగారు. "మబ్బు తునకైనా లేదు కదండీ" అన్నాడొకాయన. నాన్న వెళ్ళి బండి నీడలో కూర్చున్నాడు. వాళ్ళకి విసుగెత్తి, తెచ్చుకున్న తిండి తినేసి, ఫొటోలకి ఫోన్లివ్వమని గొడవపడి, చివరికి వెనక్కి పోదామనేసరికి వాగు పైనుంచి బురద రంగు నీళ్ళు మెల్లగా పాకుతూ వచ్చాయి. చూస్తుండగానే ఇసుకంతా మునిగిపోయింది. మేం ఆ ఇసుకలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ నోరు తెరిచి అనలేదు. ఆ గొణిగినాయనే వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని, "ఊరికే అన్నారా మిమ్మల్ని కంపాసని!" అన్నాడు. నాన్న నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. ఎక్కడో ఎగువన వాన పడుతోందని ఫోను చెప్పింది. ఫోను మంచిపనే చేసింది, నేను కాదనను. దాని పుణ్యాన అందరం బతికాం. కానీ అది ఫోను చెప్పిందని ఒక్క మాట అంటే ఏం పోయింది? జనం ఫోన్లు పెట్టెలో, తన ఫోను డాష్‌బోర్డు కింద. అబద్ధానికి అంత తేలిగ్గా అలవాటుపడ్డ మనిషి ఇంకెన్ని దాస్తున్నాడో అనుకున్నాను.

ఆ తర్వాత అనుమానం తీర్చుకోవాల్సిన అవసరమే లేకపోయింది. మూడో దిగుడని మేం పిలుచుకునే చోటు ఒకటుంది. గుట్టల సందులోంచి లోయ అంచుకి దిగే జారుడు అది. మా ముగ్గురికి తప్ప నాలుగోవాడికి తెలీదు. ఒకరోజు జనానికి లోయ చూపించి వస్తుంటే, అక్కడ మెత్తటి మట్టిలో టైరు ముద్రలు కనిపించాయి. మా టైర్లవి కావు. అడ్డగీతల అచ్చు, వెడల్పెక్కువ. ఎర్రబండ్ల టైర్లు.

ఆ సాయంత్రమే అన్నయ్య బజార్నుంచి మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. టీకొట్టులో నాన్నా, ఎర్రబండ్ల ఓనరూ ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారట. ఆయన ఏదో చెబుతుంటే నాన్న తల ఊపుతున్నాడట. వీణ్ణి చూడగానే ఇద్దరూ మాట ఆపేశారట.

"ఇంకేం కావాలి నీకు?" అన్నాడు అన్నయ్య. "ఎల్లుండి పెద్ద బేరం ఉంది. ఆలోపే తాడో పేడో తేల్చేస్తాను. రేపు సాయంత్రం ఆ ఫోను బల్ల మీద పెట్టి అడుగుతా. తాళాలు లాక్కుంటా."

"నాన్న దగ్గర తాళాలు లాక్కుంటావా?"

"అమ్మేసినవాడికి తాళాలెందుకు?"

వాడు అన్నంత పనీ చేసే రకం. నాన్న ఒంటికాలి మీద లేస్తాడు. ఇద్దరిలో ఒకరు ఇల్లు వదిలి పోవడం ఖాయం. "రేపొక్కరోజు నాకొదిలెయ్" అన్నాను. "రేపు ఆయన ఖాళీ బండితో వెళ్తాడు. నేనూ వెళ్తాను. కళ్ళారా చూసి వచ్చి చెప్తాను, అప్పుడు నీ ఇష్టం."

మర్నాడు పొద్దున నాన్న బండి తీస్తుంటే నేను నాది స్టార్టు చేశాను. కొత్త టైర్లు ఎలా ఉన్నాయో చూసుకోవాలన్నాను. నాన్న మొహంలో చిరాకు దాగలేదు.

"ఇవాళే చూసుకోవాలా?"

"రేపు బేరం ఉంది కదా నాన్నా."

కాసేపు స్టీరింగు మీద వేళ్ళతో తట్టి, "సరే, వెనకే రా" అన్నాడు.

తారురోడ్డు దాటాం. ఎండ చురుక్కుమంటోంది. ఆయన ముందు, నేను వెనక, ఎప్పటిలాగే దుమ్ము మింగుతూ. మిట్ట దాటాం, వాగు దాటాం. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నాను. ఎక్కడ ఆపుతాడు, ఎవరు ఎదురొస్తారు, చెయ్యి ఎన్నిసార్లు డాష్‌బోర్డు కిందికి వెళ్తుంది. గుట్టలు దగ్గరపడేచోట దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది మూడో దిగుడుకి వెళ్తుంది. ఎడమవైపుది చూడ్డానికి అంతకన్నా సాఫీగా ఉంటుంది గానీ, తెల్లనేలకి తీసుకెళ్తుంది. తెల్లనేల పైకి సిమెంటు చేసినట్టు గట్టిగా కనిపిస్తుంది. కింద అంతా బురద. బండి దిగబడితే పైకి రాదు. నాన్న వయసులో ఉన్నప్పుడు తన మొదటి జీపుని అక్కడే పోగొట్టుకున్నాడు. మాకు ఆయన నేర్పిన మొట్టమొదటి పాఠం అదే. ఏ దారి మర్చిపోయినా ఫర్వాలేదు, అటు మాత్రం పోకూడదు.

చీలికకి కాస్త ముందు నాన్న బండి ఆగింది. నేనూ ఆపాను. ఆయన చాలాసేపు దిగలేదు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇంజను వేడెక్కింది. నువ్వు ముందు పద."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. నేను బండి పట్టిన నాటి నుంచీ నాన్న ఎవర్నీ తన ముందు పోనివ్వలేదు. అదీకాక, రేడియేటర్ని అన్నయ్య నిన్ననే విప్పి బాగుచేశాడు. వేడెక్కే ప్రసక్తే లేదు. నన్ను ముందుకి తోసేసి, వెనక తీరిగ్గా తన పని చేసుకుందామని చూస్తున్నాడన్నమాట. నా చెవిలో పువ్వులు పెడుతున్నాడు.

నేనూ ఆయన కూతుర్నే. ఆయన్ని దాటుకుని ముందుకెళ్ళి, చీలిక దగ్గర ఎడమకి తిప్పాను. వెనక ఫోనులో మునిగి ఉంటే గమనించడు, అడ్డంగా దొరుకుతాడు. గమనిస్తే ఆ క్షణమే హారన్ మోతెక్కిస్తాడు, బండి దిగి నా చెవి మెలిపెడతాడు. ఏదైనా ఈ రోజుతో తేలిపోతుంది అనుకున్నాను.

హారన్ మోగలేదు.

అద్దంలో చూశాను. ఆయన బండి నా వెనకే ఎడమకి తిరిగింది. ఫోను చూడ్డం లేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. కొంచెం ముందుకి వంగి, కళ్ళు చికిలించి, నా బండి వెనక భాగాన్నే చూస్తున్నాడు. నేను రాయి తప్పిస్తే తనూ తప్పిస్తున్నాడు, నేను నెమ్మదిస్తే తనూ నెమ్మదిస్తున్నాడు. దారి తెలీని కొత్తవాళ్ళు ముందు బండి వెనక అలాగే వస్తారు. ఇప్పుడు కొడతాడు, ఇప్పుడు కొడతాడు అనుకుంటూ చాలాదూరం పోయాను. ఎదురుగా తెల్లటి నేల మెరుస్తూ కనిపించింది. బండి ఆపేశాను.

ఆయనా ఆపి, దిగి, నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏమైంది? ఎందుకాగావు?"

ముందుకి చూశాను. ఆయనా చూశాడు. ఆ తెలుపు మీద ఆయన కళ్ళు కాసేపు ఊరికే తిరిగాయి. తర్వాత మొహం మారింది.

"తెల్లనేల కదూ ఇది."

"అవును నాన్నా."

"బుద్ధుందా నీకు? కళ్ళెక్కడ పెట్టుకున్నావు? చిన్నప్పట్నుంచీ చెబుతున్నానా లేదా? ఇటు రాకూడదని..." అని అరవబోయి మధ్యలో ఆగిపోయాడు. చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ముందు నువ్వున్నావు కదా అని వచ్చేశాను" అన్నాడు.

నేను దిగి ఆయన బండి దగ్గరికెళ్ళాను. ఫోను డాష్‌బోర్డు కింద క్లిప్పులోనే ఉంది. ఎవరికీ కనపడకూడదని అక్కడ బిగించాడు కదా, ఇంజను సెగ తిన్నగా దానికే తగిలి కాగిపోయింది. వేడి తగ్గేదాకా పనిచెయ్యనని తెర మీద వచ్చి, అదీ పోయి, నల్లబడి ఉంది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

ఆయన బండి మెట్టు మీద కూర్చున్నాడు. చేతుల వంక చూసుకుంటూ మాట్లాడాడు.

"వానలకి ముందు నుంచే. ఎప్పుడూ కాదు, ఒక్కోసారి. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు, ఇక్కడికొస్తేనే. ఈ గుట్టా ఆ గుట్టా అనిపిస్తుంది. ఒకరోజు ఎక్కడెక్కడో తిరిగి ఎర్రబండ్ల దారిలో తేలాను. ఎలా వచ్చానో నాకే తెలీదు. ఆ ఓనరే ఊరి దాకా తోడొచ్చాడు. ఎవరికీ చెప్పనన్నాడు. ఫోను కొనుక్కోమన్నదీ ఆయనే."

"మూడో దిగుడు దగ్గర ఆయన టైర్ల ముద్రలున్నాయి."

"ఒంటరిగా వెళ్తున్నానని తెలిస్తే దూరంగా వెనకే వస్తాడు. రావద్దని తిట్టాను. నిన్న టీకొట్టులోనూ అదే చెప్పాను. వినడు."

ఆ ఎర్రబండ్ల ఆయన జాలితోనే వచ్చాడో, దారి తెలుసుకుందామని వచ్చాడో నాకు ఈ రోజుకీ తెలీదు. రెండూ అయ్యుండొచ్చు. ఆ క్షణంలో మాత్రం నాకు ఆయన మీద అసూయ పుట్టింది. మా నాన్న తప్పిపోయినప్పుడు వెనకే ఉన్నది ఆ మనిషి. మేం ఇంట్లో కూర్చుని దొంగతనం లెక్కలేసుకుంటున్నాం. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన చూస్తాడని టైరు చూస్తున్నట్టు వంగాను.

"అమ్మకి తెలుసా?"

"నేను చెప్పలేదు. తెలీకుండా ఉంటుందా?" అని లేచి నిలబడ్డాడు. "అన్నయ్యకి చెప్పకు. ఈ ఒక్క సీజను పోనీ. ఫోను ఉంది కదా, దాన్లో మలుపులన్నీ పెట్టుకున్నాను. ఇవాళంటే వేడెక్కింది. రేపట్నుంచి పైన పెట్టుకుంటాను, గాలి తగిలేలా."

"రేపు రెండు బండ్ల నిండా జనం ఉంటారు నాన్నా. పిల్లలు కూడా వస్తున్నారు."

"నాకు తెలీదా?"

"చెప్తాను నాన్నా. చెప్పక తప్పదు."

ఆయన నావైపు అదోలా చూశాడు. మా ఇంట్లో గుట్టు బయటపెట్టేవాళ్ళని చూసే చూపు అది. వెళ్ళి తన బండి ఎక్కాడు. నేను నా బండి వెనక్కి తిప్పాను. ఊరు చేరేదాకా అద్దంలోంచి చూపు తియ్యలేదు. మలుపు వచ్చినప్పుడల్లా ముందుగానే ఇండికేటరు వేశాను, ఆ రాతినేలలో ఇండికేటరు ఎవరు చూస్తారని ఎప్పుడూ వెయ్యనిదాన్ని.

మేం వచ్చేసరికి అన్నయ్య షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నా బండి ముందు రావడం చూసి కనుబొమలెత్తాడు. నాన్న బండి ఆపాడు గానీ దిగలేదు. అద్దాలు దించే ఉన్నాయి. మేం ఏం మాట్లాడినా వినపడుతుంది.

"ఏంటి, నువ్వు ముందొచ్చావు?" అన్నాడు అన్నయ్య.

"రేపట్నుంచి ముందు బండి నేనే నడుపుతాను."

వాడి మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలేదా? నేను ముందే చెప్పలేదా నీకు? ఎవరితో చూశావు? ఆ ఎర్రబండ్లోడేనా? ఎంతకి..."

"అమ్మట్లేదు అన్నయ్యా. మర్చిపోతున్నాడు."

"ఏం మర్చిపోతున్నాడు?"

"దారి. ఆ గీతలన్నీ తనకోసమే గీసుకున్నాడు. ఇవాళ తెల్లనేల దాకా నా వెనకే వచ్చాడు. హారన్ కొట్టలేదు."

తెల్లనేల అన్నాక అన్నయ్యకి ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది. చేతికున్న గ్రీజు చొక్కాకే తుడుచుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ నాన్న బండి దగ్గరికెళ్ళాడు. తలుపు తీసి పట్టుకున్నాడు. వాడు అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నాన్నా, ఇల్లొచ్చింది. దిగు."

నాన్న వాడివైపు తిరిగాడు. తెల్లనేల దగ్గర నాతో అణిగిమణిగి మాట్లాడిన మనిషి, అప్పుడు నిప్పులు కక్కుతూ చూశాడు.

"ఆ మాత్రం నాకు తెలుసురా" అన్నాడు.

వాడు తలుపు వదిలేసి పక్కకి జరిగేదాకా ఆయన దిగలేదు. జరిగాక దిగి, తాళాలు బండికే ఉంచేసి, మా ఇద్దరి మధ్యలోంచి లోపలికి నడిచి వెళ్ళాడు.